పుస్తకంలో లేని బెలూను

ఈ డిసెంబరు పందొమ్మిదికి యాభై తొమ్మిదేళ్ళు నిండుతాయి. అన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది పెద్ద మాటేమీ కాదు. "లేదండి, నేను చెప్పలేదు" అన్నాను, అంతే. ఆ తరవాత ఒక పదిహేనేళ్ళ పిల్లను కొన్ని ప్రశ్నలు అడిగాను. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టి ఉండదు. ఆ రెండు నిమిషాలూ మాట్లాడిన మనిషి నేనేనా అని ఇప్పటికీ ఉలిక్కిపడతాను. అన్నం కలుపుకుంటూ ఉండగానో, మందుబిళ్ళ నోట్లో వేసుకుంటూ ఉండగానో, ఏ కారణమూ లేకుండా ఆ గొంతు చెవిన పడుతుంది. నా గొంతే. ఎంత నిబ్బరంగా ఉంటుందో.

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్ళకు చెప్పాలని మూడుసార్లు మొదలుపెట్టాను. ఒకసారి మా ఆయనకు, ఒకసారి మా చెల్లెలికి, ఒకసారి పాదిరిగారికి. మూడుసార్లూ మధ్యలో మాట మార్చి వేరే సంగతి చెప్పాను. మాది లూథరన్ కుటుంబం. ఆదివారం ఆరాధనలో అందరం నిలబడి పాపాల ఒప్పుకోలు చదువుతాం. లెక్క వేసి చూశాను. జబ్బుపడి మానేసినవి తీసేసినా రెండువేల తొమ్మిది వందల ఆదివారాలకు తగ్గవు. అన్నిసార్లూ అందరితో కలిసి ఒప్పుకున్నాను. నాది మాత్రం ఒక్కసారీ ఒప్పుకోలేదు. గుంపులో ఒప్పుకోవడం చాలా తేలిక. పక్కవాళ్ళ గొంతులో మన గొంతు కలిసిపోతుంది.

నా పేరు రాయను. బడి పేరు, ఆ పుస్తకం పేరు కూడా రాయను. అది పరదేశపు కథ. ఇన్ని రోజుల్లో భూమి చుట్టి వస్తానని పందెం కట్టి, నౌకరును వెంటబెట్టుకుని బయలుదేరిన ఒక పెద్దమనిషి కథ. చదివినవారికి ఇట్టే తెలిసిపోతుంది. ఆ పిల్లను నాంచారి అంటాను. అది ఆమె పేరు కాదు. మిగిలినవన్నీ ఉన్నదున్నట్టు రాస్తాను. పదిహేడో ఏట మొదలుపెట్టి ఇప్పటిదాకా డైరీ రాస్తూనే ఉన్నాను. తేదీ విషయంలో నేను పొరపడ్డానని ఎవరూ అనలేదు. ఆ మంచిపేరే నాంచారి మీదికి కత్తి అయింది.

1966లో నాకు ఇరవై ఆరేళ్ళు. రేపల్లెలో ఒక మిషన్ బాలికల పాఠశాలలో తెలుగు చెప్పేదాన్ని. అప్పటికింకా పక్కా ఉద్యోగం కాదు. జనవరిలో ఖాయం చేస్తామన్నారు. ఇంట్లో నాన్నగారు లేరు, తమ్ముళ్ళిద్దరూ చదువుకుంటున్నారు, నా జీతం తప్ప మరో ఆధారం లేదు. ఇది సంజాయిషీగా చెప్పడం లేదు. అలాంటి ఇళ్ళు ఊరి నిండా ఉండేవి. వాళ్ళందరూ నేను చేసిన పని చేయలేదు.

నియామకపు కాగితంలో ఆరో షరతు, ఆడ టీచర్లు సినిమాకు వెళ్ళకూడదని. వెళ్తే ఉద్యోగం పోతుంది. కింద నా సంతకం ఉంది.

ఆ ఏడు పదో తరగతికి ఉపవాచకంగా ఈ కథనే సంగ్రహంగా అచ్చు వేసి పెట్టారు. జూన్‌లో బడి తెరిచారు. పుస్తకాలు సెప్టెంబరుకు గానీ రావన్నారు. బడి మొత్తానికి ముందుగా వచ్చినది ఒక్క ప్రతి, అది నా చేతిలో ఉంది. నేను చూసి కథ చెప్పేదాన్ని, పిల్లలు వినేవారు. నల్లబల్ల మీద మూడు గళ్ళు గీశాను. తేదీ, ఊరు, గడిచిన రోజులు. కథానాయకుడు ఒక ఊరు దాటగానే ఒక పిల్ల లేచి ఆ గడి నింపాలి. ముప్ఫై ఇద్దరు పిల్లలూ ఆ పట్టికను నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకునేవారు.

నా ప్రతిలో పదిహేడో పేజీ నుంచి ముప్ఫై రెండో పేజీ దాకా లేవు. బైండు చేసినవాడు పదహారు పేజీల ఫారం ఒకటి కుట్టడం మరచిపోయాడు. పదహారో పేజీలో ఆయన ఇల్లు వదిలి రైలెక్కుతాడు. ముప్ఫై మూడో పేజీకి ఎనిమిదో రోజు వచ్చేస్తుంది, ఆయన ఎక్కడో ఓడరేవులో ఉంటాడు. మధ్యలో ఏడు రోజులు ఖాళీ. రైళ్ళ మీదా ఓడల మీదా వెళ్ళాడని చెప్పి దాటేశాను. పట్టికలో మాత్రం ఏడు గళ్ళు తెల్లగా ఉండిపోయాయి.

నాంచారి ఆ గళ్ళను వదల్లేదు. నిజాంపట్నం దగ్గర సముద్రపు ఒడ్డున ఒక పల్లె వాళ్ళది. తండ్రి పడవ మీద వేటకు వెళ్ళేవాడు. ఆ పల్లెలో ఎనిమిదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల ఆమె. మా హాస్టల్లో ఉచితంగా ఉండి చదువుకునేది. బాగా నలుపు, నవ్వితే చిగుళ్ళు కనిపించేవి. ఓడల దగ్గరికి వచ్చేసరికి క్లాసులో ఆమె ప్రశ్నలకు అంతుండేది కాదు. ఈయన ఓడెక్కినాక ఒక్కసారి కూడా కక్కుకోలేదేంటండి, మా నాన్నే కొత్తలో కక్కుకునేవాడంట అంటే క్లాసంతా పగలబడి నవ్వింది. గాలి ఎటు నుంచి కొట్టిందో రాయకుండా ఇన్ని రోజుల్లో చేరాడని ఎట్టా రాశారండి అని ఇంకోసారి అడిగింది. ఆమె అంటే నాకు ఇష్టం. ఇది కూడా రాయాలి. ఆ క్లాసులో అందరికంటే ఆమె అంటేనే నాకు ఇష్టం.

ఆ ఏడు రోజులూ ఏం చేశాడండి టీచరు అని జూలైలో అడిగింది, ఆగస్టులో మళ్ళీ అడిగింది. తెనాలిలోని మా మరో బడికి ఒక కార్డు ముక్క రాస్తే ఆ పేజీల సంగతి ఎవరైనా రాసి పంపేవారు. ఎందుకు రాయలేదు? సరిగ్గా అదే నెలలో ఆ కథ సినిమాగా తెనాలిలో ఆడుతోంది. రేపల్లె స్టేషను గోడకు వాల్‌పోస్టరు అంటించి ఉంది. ఆ ఏడు గళ్ళూ నింపడానికే వెళ్ళానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. నాకు సినిమా చూడాలని ఉంది. ఇరవై ఆరేళ్ళు వచ్చినా అప్పటికి ఒక్క సినిమా కూడా చూడలేదు.

ఆగస్టు ఇరవై, శనివారం. పిన్నికి ఒంట్లో బాగాలేదని చెప్పి పొద్దున రైలెక్కాను. భట్టిప్రోలు దాటే వరకు కిటికీ వైపు కూడా చూడలేదు, ఎవరైనా చూస్తారేమోనని. మార్నింగ్ షోకి ఆడవాళ్ళ బెంచీల్లో పదకొండుమందిమి ఉన్నాం. తలమీద కొంగు తియ్యలేదు. ఇంగ్లీషు మాటలు పదింటిలో రెండు కూడా అర్థం కాలేదు. బొమ్మలే చూశాను. తెర మీద ఆకాశం విచ్చుకుంది. ఎర్రటి గుడ్డతో కుట్టిన ఇంతెత్తు బెలూను, దాని కింద వెదురుబుట్ట, అందులో ఆ పెద్దమనిషీ నౌకరూ. కింద ఇళ్ళు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. ఒక చర్చి శిఖరం పక్కనుంచి పోతారు. శిఖరం మీద గాలికి తిరిగే ఇనప కోడి బొమ్మ ఉంటుంది. బుట్ట అంచు తగిలి ఆ కోడి గిర్రున తిరుగుతుంది. ఏడు రోజులూ ఇదే చేశాడన్నమాట అనుకున్నాను. సినిమా వాళ్ళు పుస్తకంలో లేనిది కల్పించి పెడతారని నాకు తోచనే లేదు. ఎలా తోస్తుంది? అంతకుముందు నేను ఒక్క సినిమా కూడా చూడలేదు. బైబిలు కథలు తెర మీద వేసి చూపించేవారు మా చర్చిలో. అందులో బైబిలులో లేనిది ఏదీ ఉండేది కాదు.

సోమవారం, ఆగస్టు ఇరవై రెండు, సాయంత్రం. హాస్టల్ వంటింటి వసారాలో బియ్యం ఏరే వంతు నాంచారిది. మిగతా పిల్లలు ఆటల్లో ఉన్నారు. నేను వెళ్ళి పీట వేసుకుని కూర్చున్నాను. క్లాసులో చెబితే ఎక్కడ విన్నారని ఎవరైనా అడుగుతారు. ఈ పిల్ల ఒక్కదానికే చెబితే బయటికి పోదనుకున్నాను. లేని పేజీల్లో ఇది ఉందట అని మొదలుపెట్టాను. బెలూను, వెదురుబుట్ట, శిఖరం, కోడి. చెబుతుంటే నాకే ఒళ్ళు పులకరించింది. ఆమె చేట ఒళ్ళో పెట్టుకుని బియ్యం మరచిపోయింది.

దానికి చుక్కాని ఎక్కడుంటుందండి అని అడిగింది. లేదన్నాను. అయితే గాలి ఎటు తోస్తే అటే పోద్దిగా, అట్టాంటి దాన్ని నమ్ముకుని తారీకు చెప్పి బయల్దేరాడా, ఈయనకేమన్నా మతుందా అండి అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను, ఏడు గళ్ళూ నిండాయని.

సెప్టెంబరులో పుస్తకాలు వచ్చాయి. పిల్లలు కొనుక్కున్నారు. నాంచారి కొనలేదు. నేను చెప్పింది మొత్తం ఆమెకు నోటికి వచ్చు. మళ్ళీ పుస్తకం ఎందుకని నేనే అన్నానట. అలా అన్నట్టు నాకు గుర్తు లేదు, డైరీలో ఉంది. కొత్త ప్రతి నా బల్ల మీద కూడా ఉంది. ఆ పదహారు పేజీలు తిప్పి చూడలేదు. చెప్పేసిన పాఠం మళ్ళీ ఎవరు చూస్తారు? కామా తప్పిపోతే అర మార్కు తీసేసే నేను, పదహారు పేజీలు తిప్పలేకపోయాను.

మా బడిలో ఒక పద్ధతి ఉండేది. అర్ధసంవత్సర పరీక్ష కాగితాలు మేము దిద్దేవాళ్ళం కాదు. రేపల్లె కాగితాలు కట్ట కట్టి తెనాలి బడికి పంపేవారు, వాళ్ళవి మాకు వచ్చేవి. పక్షపాతం ఉండకూడదని. ఆ డిసెంబరులో ఉపవాచకం నుంచి ప్రశ్న ఇచ్చారు. ప్రయాణపు మొదటి వారాన్ని వర్ణించమని. ముప్ఫై ఒక్కమంది పుస్తకంలో ఉన్నది రాశారు. నాంచారి పేజీన్నర బెలూను గురించి రాసింది.

డిసెంబరు పందొమ్మిది, సోమవారం. మూడో పీరియడులో నన్ను ఆఫీసు గదికి పిలిచారు. హెడ్మిస్ట్రెస్‌గారు కూర్చుని ఉన్నారు. నాంచారి గోడ దగ్గర నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆమె ముఖం తేటపడింది. ఆ ముఖం నాకు బాగా గుర్తుంది. ఇక ఫరవాలేదు, టీచరుగారు వచ్చేశారు అన్నట్టుంది.

హెడ్మిస్ట్రెస్‌గారు ఆ కాగితం నా ముందు పెట్టారు. మార్జిన్‌లో తెనాలి టీచరు ఎర్రసిరాతో రాసింది, ఇది పుస్తకంలో ఎక్కడా లేదు, సినిమాలో మాత్రమే ఉంది, ఈ అమ్మాయి సినిమా చూసింది అని. సినిమాలో ఉందని ఆ టీచరుకు ఎలా తెలుసని ఎవరూ అడగలేదు. పుస్తకం కూడా తెరిచి నా వైపు తిప్పారు. పదిహేడో పేజీ. చదివాను. పద్దెనిమిది, పందొమ్మిది, గబగబా తిప్పాను. రైలు. ఇంకో రైలు. ఓడ. ముప్ఫై రెండో పేజీ దాకా రైలూ ఓడా తప్ప మరేమీ లేవు. ఆయన కిటికీలోంచి బయటికైనా చూడలేదు.

లేదా? లేనే లేదా? అయితే నేను చెప్పింది ఎక్కడిది? తెనాలిది. ఆ బెలూను ఎవరి నోట్లోంచి వచ్చిందో వాళ్ళు తెనాలి వెళ్ళినట్టే. అది మాత్రం స్పష్టంగా అర్థమయింది. అంతకు మించి ఏదీ అర్థం కాలేదు.

"ఈ పిల్ల ఏమంటోందో విన్నావా అమ్మా. నువ్వే చెప్పావంటోంది. చెప్పావా?"

"లేదండి. నేను చెప్పలేదు."

ఆ మాట నేను ఆలోచించి అనలేదు. వేడి గిన్నె తగిలితే చెయ్యి వెనక్కి పోయినట్టు అదే వచ్చేసింది. అక్కడితో ఆగి ఉంటే, భయపడి ఒక్కమాట అబద్ధమాడానని ఈ కథ ముగించేదాన్ని. ఆగలేదు.

నాంచారి నాకు గుర్తు చేస్తున్నట్టుగా మెల్లగా అంది.

"బియ్యం ఏరతా ఉంటే చెప్పారు గదండి. మీరు పీట మీద కూర్చున్నారు."

"ఎప్పుడు?"

"వానాకాలంలో అండి."

"వానాకాలం అంటే ఏ నెల? ఏ తారీకు?"

"తారీకు తెలీదండి. సోమారమో మంగళారమో."

"తారీకు కూడా తెలియకుండా నా మీద చెబుతున్నావా?"

ఆగస్టు ఇరవై రెండు. అది ఆ క్షణాన నా కళ్ళ ముందు అచ్చు వేసినట్టు ఉంది. డైరీ నా భుజాన సంచిలోనే ఉంది. అప్పటికి సరిగ్గా నూటపందొమ్మిది రోజులు. నేనెప్పుడూ పిల్లలను తేదీలు అడిగేదాన్ని, వాళ్ళు ఎప్పుడూ తడబడేవారు. ఈ పిల్ల కూడా తడబడుతుందని నాకు తెలుసు. తెలిసే అడిగాను. ఆ తెలివి ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు నేర్పారు? భయంలో మనిషి అబద్ధమాడుతుందని ఒప్పుకుంటాను. భయంలో అంత నేర్పుగా ఎలా అడగగలిగాను?

"ఆవిడ తేదీలు తప్పే మనిషి కాదు, చెబితే చెప్పాననే అంటుంది" అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు. దసరా సెలవుల్లో ఎక్కడికైనా వెళ్ళావా అని పిల్లను అడిగారు. మేనత్తతో తెనాలి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళానని నాంచారి ఉన్న నిజం చెప్పింది. ఆ నిజమే ఆమె పని పట్టింది. దసరా అక్టోబరులో వచ్చింది. సెప్టెంబరు రెండున శుక్రవారం ఆ సినిమా తీసేసి వేరేది వేశారు. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఒక్క తేదీ చెబితే చాలు. తేదీల మనిషిని, నోరు విప్పలేదు.

సినిమా చూసినందుకైతే హాస్టల్ పిల్లలను వారం రోజులు ప్రార్థన తరవాత నిలబెట్టేవారు, అంతే. టీచరు మీద అబద్ధం చెప్పినందుకు పేరు కొట్టేశారు. అంటే ఆమె చదువు తీసింది సినిమా కాదు. నా 'లేదండి'.

మూడో రోజు తండ్రి బస్సులో వచ్చాడు. సన్నగా, పొట్టిగా ఉన్నాడు. హెడ్మిస్ట్రెస్‌గారికి దణ్ణం పెట్టాడు, తరవాత నాకు పెట్టాడు. పిల్ల తప్పు మాట అన్నందుకు ఏమీ అనుకోవద్దని నన్ను బతిమాలాడు. నేను తల ఊపాను. నాంచారి రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని అతని వెనక నడిచింది. ఏడవలేదు. గేటు దగ్గర పెట్టె దించి నిలబడింది. నా వైపు చూడటం లేదు. పెదవులు కదులుతున్నాయి. బొటనవేలితో వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తాకుతోంది. ఏం చేస్తోందా అని చూశాను. లెక్కపెట్టుకుంటోంది. తారీకు వెతుక్కుంటోంది.

తండ్రి పిలిచాడు. వెళ్ళిపోయింది.

జనవరిలో నా ఉద్యోగం ఖాయం చేశారు.

ఆమె పల్లెకు రేపల్లె నుంచి బస్సులో గంటన్నర. నేను ఆ తరవాత నాలుగేళ్ళు రేపల్లెలోనే ఉన్నాను. వెళ్ళలేదు. వెళ్ళాలనుకున్న రోజులు డైరీలో ఉన్నాయి. వాటిని లెక్కపెట్టడానికి కూడా సిగ్గుపడుతున్నాను.

1970లో పెళ్ళయింది. మిషన్ ఉద్యోగం వదిలి బాపట్ల వెళ్ళాం. అక్కడ జిల్లా పరిషత్తు బడిలో చేరాను. అక్కడ సినిమాలకు అడ్డు లేదు. 1975 ఫిబ్రవరిలో అదే సినిమా బాపట్లకు వచ్చింది. పిల్లలకు లోకజ్ఞానం వస్తుందని బడి తరఫున మార్నింగ్ షోకి తీసుకెళ్ళాలన్నారు. తీసుకెళ్ళమని నాకే చెప్పారు. కుదరదనడానికి కారణం దొరకలేదు. ఒక ఆదివారం నలభై ఆరుగురిని వరసలో నడిపించుకుని వెళ్ళాను.

తెర వైపు చూడలేకపోయాను. బెలూను వచ్చినప్పుడు తల వంచుకుని కూర్చున్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆట వదిలాక ఆడవాళ్ళ గేటు దగ్గర పిల్లలను లెక్కపెడుతున్నాను. ఆ గేటు దగ్గర టిక్కెట్లు చింపే మనిషి నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. చంకలో బిడ్డ. నవ్వితే చిగుళ్ళు కనిపించాయి. నాకు లెక్క తప్పింది.

"నాంచారినండి టీచరుగారూ. మీరు లోపలికి పోయేటప్పుడే గురుతుపట్టాను."

ఏమన్నానో గుర్తు లేదు. ఎలా ఉన్నావని అడిగి ఉంటాను. సూర్యలంకలో ఇచ్చారని, మొగుడు వేటకు పోతాడని, ఈ గేటు పని దొరికి ఆరు నెలలైందని చెప్పింది. ఆగి, గొంతు తగ్గించింది.

"మీకొక మాట చెప్పాలండి. ఈ బొమ్మ మొన్న శుక్రారం చూశాను. అందులో ఆ కోడి ఉందండి. నేను పరీక్షలో రాసిందే. బుట్ట తగిలి తిరగడం, అంతా అట్టాగే ఉంది. నేను చిన్నప్పుడు ఎక్కడో ఈ బొమ్మ చూసే ఉంటానండి. ఎక్కడ చూశానో మతికి రావట్లేదు. తెనాలిలో అత్తతో చూశానేమో. అత్త లేదంది, అయినా చూసే ఉంటాను, లేకపోతే కోడి సంగతి నాకెట్టా తెలుసుద్ది? మీ మీద అబద్ధం చెప్పానండి. ఇన్నాళ్ళూ మీరే చెప్పారనుకున్నాను, మీ మీద కోపం పెట్టుకున్నాను. తప్పయిపోయింది, మనసులో పెట్టుకోకండి."

ఇది చదువుతున్న మీకు ఎలా ఉందో తెలియదు. నాకు ఆ గేటు దగ్గర, ఎర్రటి ఎండలో, ఒళ్ళంతా చల్లబడిపోయింది. నేను ఆ పిల్ల చదువు తీశానని తెలుసు. హాస్టల్ తీశానని తెలుసు. ఇంకా ఏదో తీశానని అప్పటిదాకా తెలియదు. ఎనిమిదేళ్ళు ఆమె దగ్గర ఒక్క నిజం ఉంది. నేను ఒప్పుకోకపోయినా, లోకమంతా ఒప్పుకోకపోయినా, టీచరే చెప్పిందన్న నిజం ఆమెది. సినిమా చూసి నన్ను పట్టుకోవలసిన మనిషి, సినిమా చూసి తననే తప్పుపట్టుకుంది. టీచరు చెప్పలేదంది కాబట్టి టీచరు చెప్పలేదు. కాబట్టి తన జ్ఞాపకమే తప్పు. చూడని సినిమా చూసినట్టు, తన చిన్నతనాన్ని తానే తిరగరాసుకుంది. నా అబద్ధం నిలబడటానికి.

అప్పుడైనా చెప్పాలి కదా. ఎవరున్నారు అక్కడ? హెడ్మిస్ట్రెస్‌గారు లేరు. పోయే ఉద్యోగం లేదు. ఆరో షరతు లేదు. నేను, ఆమె, ఆమె చంకలో బిడ్డ.

"పోనీలేమ్మా, చిన్నతనం. నేనెప్పుడో మరచిపోయాను" అన్నాను.

ఆమెను నేను క్షమించాను. ఇది ఇంకోసారి రాస్తాను, రాస్తే గానీ నాకే నమ్మకం కలగడం లేదు. నాంచారిని నేను క్షమించాను. ఆమె వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది. బిడ్డ అడ్డొచ్చి పెట్టలేకపోయింది. ఆమె ముఖంలో భారం దిగిపోయినట్టు కనబడింది. నా భారం ఆమె ఎనిమిదేళ్ళు మోసి, నాకు అప్పగించకుండానే దించేసుకుంది.

మొదటిదానికి భయం కారణమని చెప్పగలను. దీనికి ఏం చెప్పను? ఎన్నిసార్లు ఆలోచించినా, ఒకటే తోస్తుంది. ఆమె కళ్ళలో నేను మంచి టీచరుగా ఉండిపోవడం నాకు బాగుంది. అంతకంటే గొప్ప కారణం లేదు.

తరవాత రెండు నెలలు ఆ వీధిన పోలేదు. ధైర్యం చేసి వెళ్ళేసరికి గేటు దగ్గర వేరే ఆమె ఉంది. నాంచారి మొగుడు వేరే రేవుకు మారితే కుటుంబం వెళ్ళిందన్నారు. ఏ రేవో తెలియదన్నారు. 1977 నవంబరులో ఉప్పెన వచ్చింది. పోయినవాళ్ళ పేర్లు రాసి గోడలకు అంటించారు. బాపట్లలో ఆ కాగితాల ముందు నేనూ నిలబడ్డాను, అందరిలాగే వేలు పెట్టి పేర్లు చదువుతూ. రెండో కాగితం సగంలో నాకు తెలిసింది, నేను ఆ పేరు ఉండకూడదని వెతకడం లేదు, ఉండాలని వెతుకుతున్నాను. ఉంటే ఇక చెప్పవలసిన అవసరం పోతుంది. వేలు తీసేశాను. మిగతా కాగితాలు చదవలేదు. నా పక్కన ఒకావిడ తన వాళ్ళ పేరు కనబడి గోడకు తల ఆనించుకుని ఉంది. ఆవిడ పక్కన నిలబడే అర్హత నాకు లేదని వచ్చేశాను.

ఉద్యోగం విరమించాక తెనాలిలో స్థిరపడ్డాను. మా చెల్లెలి మనవరాలు నిరుడు ఒక పుస్తకం తెచ్చి చూపించింది. అదే కథ. కొత్త అచ్చు. అట్ట మీద పెద్ద ఎర్ర బెలూను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. లోపల పేజీలన్నీ తిప్పాను. బెలూను ఎక్కడా లేదు. టీవీలో వచ్చే బొమ్మల కథలో కూడా ఆయన బెలూనులోనే వెళ్తాడు అమ్మమ్మా, అందరికీ తెలుసు అంది ఆ పిల్ల. అందరికీ తెలుసట. ఈ రోజు ఏ పిల్ల అయినా పరీక్షలో బెలూను గురించి పేజీన్నర రాస్తే ఎవరూ ఎర్రసిరా తియ్యరు. ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో డైరీలో రాయలేదు.

ఇప్పుడు నాకు ఎనభై ఐదేళ్ళు. నాంచారి బతికి ఉంటే డెబ్బై నాలుగో ఏడు నడుస్తూ ఉండాలి. ఆమె ఇది చదువుతుందని ఆశ లేదు. ఎవరైనా చదివి వినిపిస్తారనీ లేదు. ఇది రాసినంత మాత్రాన నా తప్పు తగ్గదు, తగ్గించమని మిమ్మల్ని అడగను కూడా. క్షమించమని ఆమెను అడగను. ఆ మాట మా ఇద్దరి మధ్య ఒకసారి తప్పు మనిషి నోట తప్పు మనిషికి వచ్చింది. మళ్ళీ దాన్ని ముట్టుకోవడానికి నాకు చేతులు రావు.

చెప్పాల్సినది మూడు ముక్కలు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పైకి అనలేదు. ఈ పొద్దున తలుపు వేసుకుని, ఈ కాగితం ముందు కూర్చుని, ముందు పైకి అన్నాను. గదిలో ఎవరూ లేరు, అయినా చివరిదాకా అన్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

నాంచారీ, నువ్వు ఆ సినిమా చూడలేదు. నేను చూశాను. నీకు చెప్పింది నేనే.